ఆవకాయ లేని పిజ్జా

మొన్న ఊరవతల బోద్రీలో కోర్టు పని తొందరగా తెమిలింది. సర్కండాలో ఇంటికి పోవాల్సినదాన్ని, ఆటోను రైల్వే కాలనీ వైపు తిప్పమన్నాను. అక్కడి పిజ్జా కొట్టు, రైల్వే కొలువులకని ఈ హిందీ ఊరొచ్చి స్థిరపడ్డ మా తెలుగు క్వార్టర్ల పిల్లలందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిందే. పదకొండేళ్ళుగా దాని గుమ్మం తొక్కనిదాన్ని, ఆ రోజు ఏ బుద్ధి పుట్టి వెళ్ళానో చెప్పలేను.

కుర్చీలు మారాయి, గోడలకు కొత్త రంగు పడింది. పిజ్జా మాత్రం అదే. మందపాటి రొట్టె, తియ్యటి సాసు, దాని నిండా ఉల్లిపాయలు. పెద్ద ఊళ్ళలో పిజ్జాలు తిన్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను లా పాసైన రోజు నాన్నను తీసుకొచ్చింది ఇక్కడికే.

నాన్న గూడ్సు బండి డ్రైవరు. లైను మీదికి వెళ్ళే మనవాళ్ళందరిలాగే ఆయన డ్యూటీ సంచిలోనూ చిన్న స్టీలు డబ్బాతో ఆవకాయ ఉండేది. ఏ స్టేషన్లో ఎంత చప్పిడి తిండి దొరికినా, డబ్బా ఉంటే గండం గడిచినట్టే. ఆ రోజు డ్యూటీ దిగి తిన్నగా కొట్టుకే వచ్చారు. ఒక ముక్క కొరికి, "ఏటమ్మా ఇది, ఉప్పూ కారం ఏటీ నేదు" అంటూ డబ్బా తీసి పిజ్జా మీద ఎర్రగా ఆవకాయ పరిచారు.

పక్క బల్ల దగ్గర నా క్లాసువాళ్ళున్నారు. వాళ్ళు నవ్వారో లేదో కూడా నేను చూడలేదు. తినడం రానివాళ్ళు ఇలాంటి చోటికి రాకూడదని నాన్నతో అన్నాను. అదీ హిందీలో, వాళ్ళకు వినపడేలా. ఆయన డబ్బాకు మూత పెట్టి, మిగిలిన పిజ్జా మంచినీళ్ళతో మింగారు. ఆనాటి నా సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

తర్వాత వాదించడమే నా వృత్తయింది గానీ, ఆ ఒక్క మాటకు తప్పయిందని చెప్పుకోవడం నాకు చేతకాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూండగానే నాన్న పోయారు. రెండేళ్ళవుతోంది.

కొట్టు యజమానిదీ మాలాగే రైల్వే తెలుగు కుటుంబం. నన్ను గుర్తుపట్టి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నాన్న ఆ తర్వాత కూడా వస్తూండేవారని చెబితే నేను నమ్మలేదు. ఆయనకు పిజ్జా నచ్చదు కదా అన్నాను. డ్యూటీ లేని రోజున ఒక్కరే వచ్చి, ఆ మూల బల్ల దగ్గర కూర్చుని చిన్న పిజ్జా తెప్పించుకునేవారట. యజమాని జాలిపడి పచ్చడి తేబోతే వద్దనేవారట.

"మా పాప మళ్ళీ తీసుకొస్తాది, ఈలోగా ఆవకాయ నేకుండా తినడం నేర్చీసుకోవాల అనీవోరమ్మా."

చేతిలో ముక్కను పళ్ళెంలో పెట్టేశాను. చివరికి అలవాటైందా అని మాత్రం అడిగాను.

"అయిపోనాదమ్మా. పాపకే తీరిక నేదనీవోరు."

నాకు తీరిక ఎప్పుడూ ఉండేది.