కల్లూరు తాయమ్మను అడగడానికి వెళ్లి

సోమవారం ఉదయం ఏడున్నర బస్సుకు రాయచూరు బయలుదేరాను. చరిత్ర ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ. బొగ్గు కరెంటు కేంద్రం కాలనీలోని తెలుగు బడిలో నేను చరిత్ర చెప్పబట్టి పద్నాలుగేళ్లు. ఇదివరకైతే బస్సు దాకా నా భార్య వచ్చేది. ఆమె పోయాక ఇదే మొదటి ప్రయాణం.

శిక్షణ అంతా కన్నడంలో. నాకు అర్థమవుతుంది గాని, అందరూ నవ్వాక నవ్వుతాను. భోజనాల దగ్గర తాలూకాలవారీగా గుంపులు కట్టారు. నేను కిటికీ పక్కన కూర్చుని తిన్నాను. సాయంత్రం ఆరుకే లాడ్జి గదికి చేరి, ఏమీ తోచక ఒకే చొక్కాను రెండుసార్లు ఉతికాను.

రెండోరోజు ఏదైనా ఊరికి వెళ్లి, వయసు మళ్లిన ఒకరి జ్ఞాపకాలు రాసుకు రమ్మన్నారు. పన్నెండు గంటల బస్సుకు కల్లూరు వెళ్లాను. "తెలుగుల మాట్లాడాల్నంటే తాయమ్మ ఉంది సార్. పాలమూరు నుంచి కూలికొచ్చి ఈడ్నే ఉండిపోయింది" అని, నా పని విన్న పక్క సీటాయన బస్సు దిగాక ఇల్లు చూపించాడు.

తాయమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. గడపలో కూర్చుని పుంటికూర తుంచుతోంది. నేను ఎక్కడివాణ్నో చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"గా పొగగొట్టాల కాడనా? గవి కట్టేటప్పుడు కంకర మోసిన సారూ. మా ఆయన గక్కడ్నే జరమొచ్చి పాయె."

ఆ పొగగొట్టాల కిందే ఇన్నేళ్లూ పిల్లలకు రాజుల పేర్లు చెప్పాను. కట్టినవాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. ఆయన పేరు అడిగాను.

"మొగుని పేరు నోటితోని అనొద్దంటరు. నువ్వు రాస్కుంటనంటే చెప్త. హన్మంతు." తర్వాత నన్ను అడిగింది: "ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవరూ లేరమ్మా. నా భార్య పోయిన ఏడు చనిపోయింది."

"ఏం పేరు ఆమెది?"

పరామర్శకు వచ్చినవాళ్లంతా జబ్బేమిటని అడిగారు. పేరు ఎవరూ అడగలేదు. నోటుబుక్కు మూసి పక్కన పెట్టాను.

"విజయ" అన్నాను.

జొన్నరొట్టె, కూర పెట్టింది. నాలుగు గంటల బస్సు వచ్చేదాకా వాళ్లిద్దరి గురించే మాట్లాడుకున్నాం. నోటుబుక్కులో పేజీ కూడా నిండలేదు.

మూడోరోజు నా వంతు వచ్చింది. తడబడే కన్నడంలో హన్మంతు పేరు, చేసిన పని, చనిపోయిన తీరు చదివాను. "ఇంతేనా?" అన్నాడు శిక్షకుడు. ఇంతే అన్నాను.

సాయంత్రం ఐదున్నర బస్సులో తిరుగు ప్రయాణం. ఇలాంటి శిక్షణకు వెళ్లేవారికి ఒక్క మాట చెప్పాలి. ఏమేం అడగాలో కాగితం మీద రాసిస్తారు. ఎదుటివాళ్లు మనల్ని అడిగితే ఏం చెప్పాలో అందులో ఉండదు. దారి పొడుగునా నేను విజయతో మాట్లాడుతూనే వచ్చాను. పైకే మాట్లాడాననుకుంటాను, కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.