గంజి పెట్టిన బడి

1968లో మా కొట్టు విజయనగరంలో, గంటస్తంభానికి కాస్త అవతల ఒక సందులో ఉండేది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, నాటకాల వాళ్ల పరదాలు, గుడారాలు కుట్టేవాళ్లం. కుట్టేవాళ్లం అంటే నేనూ, మా బావమరిదీ, రెండు మిషన్లూ. ఆ ఏడు జ్యేష్ఠంలో వంశధార ఒడ్డున, కళింగపట్నానికి ఎగువనున్న ఒక ఊరినుంచి సూర్యనారాయణ మేష్టారు కొట్టుకి వచ్చారు. గాలివానకి బడి పాక ఎగిరిపోయిందట.

"మళ్లీ పాక వేయించుకోకూడదా?" అన్నాను. వచ్చిన బేరం చెడగొట్టుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది.

"తాటాకు ఊళ్లో ఇళ్లకే చాలలేదండీ. గడ్డి కావాలంటే కోతలవ్వాలి. ఈలోగా ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. పిల్లల నెత్తిమీద కప్పు కనబడకపోతే మా బడి ఎత్తేసి, ఏట్లో కలిసే గెడ్డ అవతలి ఊరి బడిలో కలిపేస్తాడు. మగపిల్లలు గెడ్డ దాటుతారు. ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ పంపరు. పదకొండుమంది ఉన్నారు. ఒక్కర్తీ మిగల్దు" అన్నారు మేష్టారు.

ఆయన పెళ్లి పందిరిలా నలుచదరంగా కుట్టమన్నారు. వద్దన్నాను. ఏటి ఒడ్డున గాలికి చదరపు గుడారం తెరచాపే అవుతుంది. మా వృత్తిలో బెల్ టెంట్ అని ఒకటుంది. మధ్యలో ఒకటే రాట, పైన మొన, కింద గుండ్రం. గాలి ఏ వైపునుంచి వచ్చినా పక్కలకి జారిపోతుంది. ఇక గుడ్డ సంగతి. కాన్వాస్‌ని ఔన్సుల్లో చెబుతాం, అంటే గజం గుడ్డ బరువు. ఎక్కువ ఔన్సులుంటే మంచిదని అందరూ అనుకుంటారు గాని, బరువుకన్నా నేత ముఖ్యం. ఎండకెదురుగా పట్టి చూస్తే సూదిమొనంత వెలుగు కూడా పొడవకూడదు. నూలు దారం తడిస్తే ఉబ్బి కంతలు మూసుకుంటాయి. దానికి తోడు ప్రూఫింగ్, అంటే నీరు ఇంకకుండా పట్టించే మందు ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే వాన ఆగుతుంది. మేష్టారు నాలుగు తానులు ఎండలో పట్టి చూసి, నేను ఎంచిన దానినే ఎంచారు.

గుడారం నిలబెట్టడానికి నేనే వెళ్లాను. ఊరి పెద్దలంతా చుట్టూ చేరారు. వాన పడితే తాళ్లు వదులు చెయ్యండి, తడిసిన తాడు బిగిసి మేకులు పీకేస్తుంది అన్నాను. తడిగా చుట్టిపెట్టొద్దన్నాను. సబ్బూ సోడా తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పాను. అందరూ తలలాడించారు.

భాద్రపదంలో మేష్టారి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "గుడారము కారుచున్నది. గేదెలు తినివేయుచున్నవి. సోమవారము ఇన్‌స్పెక్టరు వచ్చును. వెంటనే రావలెను."

మా బావమరిది దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. "గేదెలు బడి తినడమేటి బావా?"

గురువారం ఉదయానికి ఆ ఊళ్లో ఉన్నాను. ఖాకీ రంగులో నిలబెట్టి వచ్చిన గుడారం పెళ్లికొడుకు పంచెలా తెల్లగా ఉంది. కింద అంచు రెండు మూరల మేర నమిలేసి ఉంది. పైన నల్లటి బూజు మచ్చలు. లోపలికి వెళ్తే పులిసిన వాసన. అంచు పట్టుకుని నలిపితే వేళ్లకి జిగురంటింది. గంజి!

పాతికేళ్లుగా గుడారాలకి జరిగే అన్యాయాలు చూస్తున్నాను. కింద పొయ్యి పెట్టి కాల్చుకున్నవాళ్లున్నారు, ఎలకలకి వదిలేసినవాళ్లున్నారు. గుడారానికి గంజి పెట్టినవాళ్లని మాత్రం ఎప్పుడూ చూడలేదు. సోడాతో ప్రూఫింగ్ పోయింది. గంజి వానకి నాని పులిసి బూజు పట్టింది. ఆ వాసనకి గేదెలు వచ్చాయి. పాపం, వాటికది కుడితిలో ముంచిన గుడ్డ.

ఎవరు చేశారంటే అప్పన్నని చూపించారు. ఊరి చాకలి. నాకన్నా పదేళ్లు పెద్దవాడే. అయినా ఆ కోపంలో నా నోటికి వయసు గుర్తు రాలేదు.

"ఒరే, నీకు బుద్ధుందా? గుడారానికి ఎవడైనా గంజి పెడతాడా?"

అతను తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇనస్పెట్రు బాబు వస్తన్నాడంట గదా. మాసిన గుడ్డ కింద కూకోబెడతామా బాబూ? నా కూతురు గౌరి ఈ బళ్లోనే సదూతన్నాది. బల్లలిచ్చినోలు బల్లలిచ్చినారు, గంటిచ్చినోలు గంటిచ్చినారు. నా కాడ ఏటుంది? నాకొచ్చింది ఇదొక్కటే."

నాలుగు రోజులు పట్టి, వంట గంగాళం తెచ్చి, సోడాలో ఉడికించి, మడత మడతగా గంజిలో ముంచి ఆరేశాడట. ఆ కష్టమే చేటయింది.

ఇక నిలబడి తిట్టుకునే వ్యవధి లేదు. రాట దింపి గుడ్డని ఏటికి మోయించాను. నేను బండ మీద బాదబోతే అప్పన్న ఆపాడు. "బాదితే గంజి నేతలోకి దిగిపోతాది బాబూ. పారే నీట్లో ఏసి తొక్కాల." ఆ విద్య అతనిది, నాది కాదు. ఇద్దరం మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి మధ్యాహ్నం దాకా తొక్కాం.

తొక్కుతూ అడిగాను. "ఆ రోజు సోడా తగలనివ్వొద్దని అంత గొంతు చించుకున్నానే, నువ్వు లేవా?"

"ఉన్నాను బాబూ. దడికి అవతల. పెద్దోలంతా సుట్టూ నిలబడితే నానెలాగొస్తాను? తమరి సెయ్యాడడం కనబడ్డాది. మాట ఇనబడ్నేదు."

సిగ్గేసింది. గంజి ఇంకా ఎక్కడ మిగిలిందో అతన్నే అడిగి, అతను చూపించినచోట తొక్కాను.

పాత ప్రూఫింగ్ ఎలాగూ పోయింది గనక ఇక సబ్బుకి భయం లేదు. శుక్రవారం బార్ సబ్బు చిత్రిక పట్టి, వేడినీళ్లలో కరిగించి, గుడ్డంతా పట్టించి ఆరేశాం. శనివారం పటిక నీళ్లలో ముంచాం. సబ్బూ పటికా కలిస్తే దారంలో మైనంలాంటి పొర కడుతుంది, దాని మీద నీరు నిలవదు. ఇది పాతకాలం ప్రూఫింగ్. మబ్బు పట్టి ఆరుతుందో ఆరదోనని ఆదివారమంతా ఆకాశం వంకే చూశాం. గేదెలు తిన్నచోట వేరే గుడ్డ అతికి కుట్టాను. రంగు కలవలేదు.

సోమవారం పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఆయన వెనకే జల్లు వచ్చింది. ఒక గంట కూర్చున్నాడు. ఎక్కాలు చెప్పించుకున్నాడు, హాజరు పట్టీ చూశాడు. పైకి చూసి, తన చొక్కా భుజం తడుముకున్నాడు. పొడిగానే ఉంది. "వసతి తాత్కాలికము, తృప్తికరము. పాఠశాల కొనసాగవచ్చును" అని రాసి సంతకం చేశాడు. మేష్టారు ఆ పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నారు.

బయలుదేరే ముందు జాగ్రత్తలు మళ్లీ చెప్పమన్నారు పెద్దలు. అప్పన్న లోపలికి వచ్చి కూర్చుంటే చెబుతానన్నాను. ఒకరిద్దరు దగ్గారు, ఒకాయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. మేష్టారు స్వయంగా వెళ్లి అప్పన్నని తీసుకొచ్చారు. రాట పక్కన, పిల్లల చాప మీద అంచున కూర్చున్నాడు. ఒక్కొక్కటీ అతని ముఖంలోకి చూస్తూ చెప్పాను. అతను రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ అంతవరకూ నన్నెవరూ అడగనివి.

ఆ తరవాత ముప్పై ఏళ్లు గుడారాలు కుట్టాను. ఔన్సులూ నేతా ఎంచడం అయ్యాక, "దీన్ని మీ ఊళ్లో ఉతికేదెవరు? అతన్ని వెంటబెట్టుకు రండి" అనేవాణ్ని. కొందరు నవ్వేవారు, ఇద్దరు ముగ్గురు బేరం మానుకుని వెళ్లిపోయారు. పోనిచ్చాను. జ్యేష్ఠంలో ఆ ఊళ్లో నా జాగ్రత్తలన్నీ విని తలలాడించినవాళ్లలో ఒక్కరైనా జన్మలో గుడ్డ ఉతికినవాళ్లు కారు.