పెద్దక్క కార్డు

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూర్చుని పట్టినా అవి తప్పులే కదా అంటే కంపెనీ వింటుందా? రోజూ ఆఫీసుకు రావాల్సిందే, గేటు దగ్గర కార్డు గీయాల్సిందే, హాజరు తగ్గినవాళ్ళే ముందు బయటికి అని పైనుంచి హుకుం. సగం మందిని పీకేస్తారన్న పుకారు అప్పటికే షికారు చేస్తోంది. ఇల్లు గడిచేది ఆమె జీతం మీద. లిఫ్టు దగ్గర ఇద్దరు గుసగుసలాడితే చాలు, ఆమె గుండెల్లో రాయి పడేది.

ఆ రోజు కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. భర్త ఊళ్ళో లేడు. ఏం చెయ్యాలో పాలుపోక, పాపను ఎత్తుకునే వీధి చివరికి వెళ్ళి, రోజూ తనతో పాటే ఆఫీసు బండెక్కే పక్క సీటతని చేతిలో కార్డు పెట్టింది.

"నీదాంతో పాటు ఇదీ గీసెయ్ తమ్ముడూ."

"దానిదేముందక్కా, పాపని చూసుకో."

అంతా సవ్యంగానే గడిచిపోయేది. కానీ పొద్దుటి ఆన్‌లైన్ మీటింగులో పాత అలవాటు కొద్దీ ఆమె కెమెరా ఆన్ చేసేసింది. వెనక వంటింటి గిన్నెలు, భుజాన పాప. తప్పులు పట్టే మనిషి అడ్డంగా దొరికిపోయింది. "ఎక్కడున్నారు మేడమ్?" అన్నాడు మేనేజరు.

మర్నాడు హెచ్.ఆర్. గదికి పిలిచారు. తమ్ముడు రెండు కార్డులు గీయడం గేటు కెమెరాలో పడింది. అతను అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"మొన్న సాయంత్రం అక్క కార్డు బల్ల మీద మరిచిపోయింది. నేనే తీసి గీశాను. తనకి తెలీదు," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"నిజమేనా?" అని హెచ్.ఆర్. ఆవిడ పెద్దక్కను అడిగింది.

ఆమెకు కాదని చెప్పాలనే ఉంది. చెబితే ఇద్దరమూ పోతాం, ఏం లాభమని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"అవునండి. మరిచిపోయాను."

ఆమెను హెచ్చరించి వదిలేశారు. సాయంత్రానికి అతని లాప్‌టాప్ తీసేసుకున్నారు. సంచీ భుజాన వేసుకుని లిఫ్టు కోసం నిలబడ్డ అతని దగ్గరికి వెళ్ళింది. ఓదార్పు మాటలు ఏవేవో కూడబలుక్కుంది గానీ, ఒక్కటీ నోటికి రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"నేనైతే నీ కోసం అలా చెప్పేదాన్ని కాదు తమ్ముడూ."

"తెలుసక్కా," అన్నాడతను.