అత్త ఎత్తిన గుడ్డ

మా తూర్పు తీరంలో ఏటి మొగ దగ్గర బండి ఆపాలంటే ముందు మా అత్త ఒదీల్ దగ్గరికి రావాల్సిందే. ఇల్లు వీపున మోసుకొచ్చే ఆ వ్యాన్లను మేము నత్తలంటాం. మా రాజధాని నుమేఆ నుంచీ ఫ్రాన్సు నుంచీ వచ్చినవాళ్లు వాటిలోనే వండుకుని, వాటిలోనే పడుకుని దీవంతా చుట్టేస్తుంటారు. మా గడ్డి మీద పడుకోవాలంటే మాత్రం దిగి, అత్త ముందు ఒక గుడ్డ పరిచి, తామెవరో, ఏం కోరి వచ్చారో చెప్పుకోవాలి. అత్త వంగి గుడ్డ ఎత్తితే సరేనన్నట్టు. ఎత్తకపోతే బండి తిప్పుకోవడమే. ఒకసారి ఎత్తిందంటే ఇక వాళ్లు ఆమె మనుషులు. వాళ్లను చూసి మొరిగితే మా కుక్కకే తిట్లు పడేవి.

ఒకసారి ఒక కుర్రాడు గుడ్డ దొరక్క తువ్వాలు పరిచాడు. "నాకు తల తుడవడానికొచ్చావా నాయనా?" అంది అత్త. అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. అయినా ఎత్తింది. వాడికి సాయంత్రం చేపల కూర కూడా పెట్టింది.

భర్త పోయి అత్త పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు ఆమె తమ్ముడు, అంటే పొయిందీ అనే పేరున్న మా నాన్న, ఆమెకు ఆ గడ్డినీ, దాన్ని ఆనుకున్న కాస్త నేలనూ ఇచ్చాడు. ఆ నేలలో అత్త పెండలం వేసింది. మాకు పెండలం అంటే ఉత్త తిండి కాదు. అది లేనిదే పెళ్లి మాటైనా, చావు మాటైనా మొదలు కాదు. కొత్త పంటలో మొదటి దుంప మేనల్లుడి నుంచి మేనమామకు అందాలి, అది అందేదాకా ఆయన కొత్త దుంప నోట పెట్టడు. అత్త కొడుకు ఉత్తరాన నికెల్ గనిలో పని చేస్తాడు. వాడి తరఫున అత్తే ఏటా పెద్ద దుంప కడిగి తెచ్చి నాన్న చేతిలో పెట్టేది.

ఇక లోయిక్ అనే తెల్లవాడి సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు వాడి పాత వ్యాను ఇసుకలో దిగబడిపోయింది. అత్త కొబ్బరి మట్టలు తెచ్చి చక్రాల కింద వేసి, మమ్మల్నందరినీ కేకేసి తోయించింది. అప్పటి నుంచి ప్రతి చలికాలం పెళ్లాన్ని తీసుకుని వచ్చేవాడు. అత్త వాణ్ని తమ్ముడు అని పిలిచేది. గుడ్డ ఎలా పరచాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో, ఎప్పుడు తల దించాలో అన్నీ నేర్పింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని అప్పుడెవరికి తెలుసు?

ముందటేడు కొత్త వ్యానులో దిగాడు. పెళ్లాం, పెళ్లాం తల్లి వాడి వెనక నిలబడ్డారు. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. లోయిక్ పువ్వుల గుడ్డ పరిచి, ఫ్రెంచిలో కాదు, మా భాషలోనే మొదలుపెట్టాడు.

"ఈ గడ్డి మీదా, ఈ నేల మీదా నన్నూ, నా వెనక ఉన్నవాళ్లనూ ఉండనివ్వు అక్కా."

మా మాట వాడి నోట వినేసరికి అత్త మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో గబుక్కున వంగి గుడ్డ ఎత్తేసింది. నాన్న దగ్గాడు. పొగాకు దగ్గు అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒకే రంగు నత్తలు బారులు తీరి వచ్చాయి. లోయిక్ వ్యాన్లు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడట, వాటికి మజిలీ మా ఏటి మొగ అట. గడ్డి చాల్లేదు. చక్రాలు పెండలం బోదెల మీదికెక్కాయి. కర్రలు విరిగాయి, పచ్చటి తీగలు నేలపాలయ్యాయి.

అత్త గౌను ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. నాన్నా నేనూ వెనకే పోయాం. బండ్ల మధ్య లోయిక్ కనిపించాడు.

"ఏంట్రా ఇది తమ్ముడూ? ఎవర్రా వీళ్లంతా?"

"నా వెనక ఉన్నవాళ్లక్కా. ఈ గడ్డి, ఈ నేల అని చెప్పే అడిగాను. గుడ్డ ఎత్తింది నువ్వే కదా!"

"వెనకంటే నీ పెళ్లాం, మీ అత్త అనుకున్నానురా!"

మా పెద్దలు గుడ్డ పరిచి మాట్లాడేటప్పుడు 'నా వెనక ఉన్నవాళ్లు' అంటే పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కాదు, ఆ మనిషి తరఫు వాళ్లందరూ అని. తెల్లవాడి నోట ఆ మాటకు అంత బరువుంటుందని అత్త అనుకోలేదు. అది ఆమె నేర్పిన మాట కూడా కాదు. అది మగ పెద్దలు వాడే మాట. అత్తకు ఆ సంగతి అప్పుడు తట్టింది. మెల్లగా నాన్న వైపు తిరిగింది.

"నేర్పింది నువ్వేనా, పొయిందీ?"

నాన్న ఏటి వైపు చూశాడు. "పిల్లకి వాడి ఆఫీసులో పని ఇస్తానన్నాడక్కా."

ఆ పిల్లను నేనే. నన్నెవరూ అడగలేదు. కంచే చేను మేసింది, అదీ నా పేరు చెప్పి మేసింది. ఆ పనికి నేను పోలేదు, పోను కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది.

నాన్నకు సిగ్గేసిందో, భయమేసిందో మరి, "పెద్దల ముందు పెడదాం అక్కా. సరిగ్గా వినపడలేదని చెప్పు, గుడ్డ వెనక్కిచ్చేద్దాం. నేనూ నీ పక్కనే ఉంటా" అన్నాడు.

"నాకు చెవుడని సాక్ష్యం చెప్తావా? నాకు బాగానే వినపడింది. ఎత్తాను. నువ్వు నా నేల అమ్ముకున్నావని నేను నా మాట అమ్ముకోనా?"

అత్త మాట తప్పలేదు. పొద్దున్నే నత్తల వాళ్లు పలకరిస్తే పలికేది, దాహమడిగితే నీళ్లిచ్చేది. ఆ తరువాత గునపం భుజాన వేసుకుని కొండెక్కేది. అక్కడ ఎర్రమట్టి, అంతా రాళ్లే. ఆ వయసులో రాళ్లు ఏరి, మిగిలిన విత్తనపు దుంపలు నాటింది. నేను సాయానికి పోతే, "మీ నాన్న పంపాడా?" అని అడిగింది. కాదన్నాను. "అయితే ఆ రాళ్లు అటు పడెయ్" అంది.

కొత్త దుంపల రోజు వచ్చింది. ఊరంతా అరటాకుల్లో, కొబ్బరిపాలల్లో పెండలం ఉడుకుతోంది. నాన్న వాకిలి ఊడ్చి, చాప వేసుకుని కూర్చున్నాడు. అత్త వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"మేనల్లుడి దుంప ఏదక్కా?"

"కొండ మీద పండింది."

"మరి తేలేదే?"

"మన చిన్నాన్న కొడుకు తెయిన్‌కి పంపించాను. వాడు తీసుకున్నాడు. ఇక నా కొడుక్కి మేనమామ వాడే."

అత్త కొండ దారి పట్టింది. ఆ పూట అమ్మ కొట్లో కొన్న బియ్యం వండింది. నాన్న అదే తిన్నాడు, ఈ ఏడు కూడా అదే తిన్నాడు.