రాయల్పాడు చేరాల్సిన మిలిటరీ బండి

మా పెద్దవాడు పోయిన సంగతి చెప్పడానికి వచ్చిన మనిషి ఇంట్లోకి అడుగు పెట్టలేదు. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాను. వాడి స్నేహితుడు, వెల్డింగ్ షాపు అబ్బాయి, మా గోడకూ, సందులో ఆగిపోయిన మావాడి లారీకీ మధ్య ఉన్న ఇరుకులో పక్కకు తిరిగి నడుచుకుంటూ వచ్చాడు. గడప దగ్గరికి వచ్చి, లారీ తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"ఏమప్పా, ఆసుపత్రిలో ఏమన్నా కావాలన్నారా?" అని అడిగాను.

"ఏమీ వద్దు పెద్దమ్మా" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఇంగ ఏమీ వద్దు" అన్నాడు.

వాడి గురించి నాలుగు మాటలు రాయమని మన చర్చి సంఘంలో వాళ్ళు అడిగారు. మీలో చాలామంది వాడిని చూసే ఉంటారు. ఆండర్సన్‌పేట రోడ్డులో ముందు ఒక పాత లారీ, దాని వెనక ఇనుప రాడ్డుతో కట్టిన ఇంకా పాత మిలిటరీ బండి మెల్లగా పోతుంటే, ఆ వెనక మీ ఆటో ఇరుక్కుపోయి మీరు హారన్ కొట్టే ఉంటారు. ఆ ముందు లారీలో కూర్చున్నది మావాడే.

మిలిటరీవాళ్ళు వాడుకుని వదిలేసిన ట్రక్కులను వేలంలో కొనేవాళ్ళు ఉంటారు. ఒకరికి రాళ్ళు తోలడానికి కావాలి, ఒకరికి ఊరికే ముచ్చటకు కావాలి. ఇంజను ఉండదు, ఉన్నా పలకదు. వాటిని ఇంకో బండి మీద ఎక్కించకుండా, వాటి చక్రాల మీదే నడిపించి ఇంటికి చేర్చడం మావాడి పని. ఆ రాడ్డు రెండు కాళ్ళు చాపుకున్నట్టు ఉంటుంది. ఆ కాళ్ళు రెండూ వెనక బండి బంపరును పట్టుకుంటాయి, తల ముందు లారీకి తగులుకుంటుంది. కట్టేముందు వాడు ఆ పాత బండి కింద దూరి, గేరు పెట్టెకూ చక్రాలకూ మధ్య ఉండే షాఫ్టు విప్పేసేవాడు. లేకపోతే చక్రాలతోబాటు లోపలివన్నీ తిరిగి అరిగి పాడైపోతాయట.

"లాగే బలం ఎంత అని అందరూ అడగతారు మా. వెనక వచ్చేదాని కాళ్ళకు అడ్డం ఏమన్నా ఉండాదా అని ఎవురూ అడగరు" అనేవాడు. నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక చర్చికి పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిపించేవాడు కాదు. నాలుగడుగులు ముందు నడుస్తూ, దారిలో రాళ్ళను చెప్పుకాలితో పక్కకు నెట్టుకుంటూ పోయేవాడు. చూసేవాళ్ళకు తల్లిని వదిలేసి పోతున్నట్టే ఉండేది.

వాళ్ళ నాయన బంగారు గనిలోకి దిగిన మనిషి. గనులు మూతపడ్డాక వీడు తమక అనే ఊళ్ళో ఒక షెడ్డులో చేరి ఈ పని నేర్చుకున్నాడు. దూరాలు తిరుగుతున్నాడని నేను దిగులు పడితే, "నాయన నిలువుగా పోయి వచ్చేవాడు, నేను అడ్డంగా పోయి వస్తా ఉండాను. అంతే కదా మా" అని నవ్వేవాడు. ఆదివారం చర్చికి నల్లటి చేతులతో రావడం వాడికి సిగ్గు. శనివారం సాయంత్రం సర్ఫుపొడిలో చక్కెర కలిపి, గీతల్లోని గ్రీసు పోయేదాకా అరచేతులు రుద్దుకునేవాడు. "కాఫీలోకి చక్కెర లేదు కదరా!" అని అరిస్తే, "చేతులు తియ్యగా ఉండాయి, ముంచుకో మా" అని లోటాలో వేలు పెట్టబోయేవాడు.

ఇంకొక అలవాటు చెప్పాలి. రాడ్డుతో కట్టిన జోడు బండికి వెనక్కి పోవడం రాదు. రివర్సు వేస్తే వెనకదాని చక్రాలు పక్కకు తిరిగిపోయి, రెండు బండ్లూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. అందుకని మావాడు ఏ సందులోకీ చూడకుండా బండి పెట్టేవాడు కాదు. రోడ్డు మీదే ఆపి, దిగి, ఆ కొస దాకా నడిచి చూసి వచ్చేవాడు. బండి లేనప్పుడు కూడా అదే వరస. పిల్లను చూడడానికి పోయిన రోజు, ఆటో దిగగానే ఇంట్లోకి రాకుండా వీధి చివరికి చరచరా నడిచిపోయాడు. పిల్ల మేనత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమమ్మా, మీ అబ్బాయి పారిపోతా ఉండాడే! మా పిల్లను ఇంగా చూడనే లేదు కదా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. వీడు తిరిగి వచ్చి చాలా నెమ్మదిగా, "ఆ పక్క దారి లేదు మా. గోడ ఉండాది" అన్నాడు. లోపలి నుంచి పకపకా నవ్వు వినిపించింది. ఆ నవ్విన పిల్లే మా కోడలు. "పారిపోయేదానికి దారి లేదని చూసుకున్నాకనే నన్ను చేసుకున్నాడు మీ కొడుకు" అని ఎన్నిసార్లు దెప్పిందో. పెళ్ళయ్యాక వాడి పక్కన కూర్చుని వాడు తిరిగిన ఊళ్ళన్నీ తిరిగింది.

అట్లాంటివాడు ఒక మధ్యాహ్నం జోడు బండిని తిన్నగా మా సందులోకే తెచ్చేశాడు. మా సందు చివర పాత గని గోడ. తిరగడానికి సైకిలుకు కూడా చోటు లేదు. వాడు పుట్టి పెరిగిన సందు అది. నేను బయటికి వచ్చి, "ఒరే, మతి పోయిందా? దీన్ని ఎట్ల తీస్తావురా ఇంగ?" అని నవ్వాను. వాడు స్టీరింగు మీద తల ఆనించుకుని ఉన్నాడు.

"తెలీలేదు మా. ఇంటికి పోవాల, ఇంటికి పోవాల అని అదే ఉన్నింది మనసులో" అన్నాడు. నుదురు తాకితే పెనంలా కాలిపోతోంది.

రక్తంలోనే జబ్బు ఉందన్నారు డాక్టర్లు. పాపం, వాళ్ళూ చేయగలిగిందంతా చేశారు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ వాడి ధ్యాస సందులో ఆగిపోయిన ఆ మిలిటరీ బండి మీదే. రాయల్పాడులో ఒక రైతు కొన్న బండి అది. "అన్నకు మాటిచ్చినాను మా. ఈ ఏడే నాటిన మామిడి మొక్కలు. ఆ బండి మీద ట్యాంకు పెట్టుకోని నీళ్ళు తోలుకుంటాడంట. ఎండలు ముదరకముందే చేర్చాల."

"లేచినాక నువ్వే చేర్చుదువులే నాయనా."

"ఊ" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

వాడిని మట్టిలో పెట్టి వచ్చాక కూడా ఆ రెండు బండ్లూ సందులోనే ఉన్నాయి. పక్కింటి ఆటో ఆయన తన ఆటోను రోడ్డు మూలలో వదిలి నడిచి వచ్చేవాడు. గ్యాసు బండలను భుజం మీద మోసుకొచ్చేవాళ్ళు. ఒక్కరు కూడా మాట అనలేదు. కోడలు ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆమె ఏం చెప్పబోయిందో నాకు తెలుసు. కానీ పొద్దున తలుపు తీస్తే ఎదురుగా లారీ కనిపించేది. వాడు సంగటి తినడానికి వచ్చాడు, తిని పోతాడు అన్నట్టు ఒక్క క్షణం అనిపించేది. ఆ క్షణం కోసమే నేను లేచేదాన్ని. బండి పోతే అది కూడా పోతుంది.

ఒకరోజు రాయల్పాడు రైతు వచ్చాడు. గడప పక్కన కూర్చుని, "బండి కోసం రాలేదమ్మా. మిమ్మల్ని చూసిపోదామని వచ్చినాను" అన్నాడు.

"మొక్కలు ఎట్ల ఉండాయప్పా?"

"ఉండాయమ్మా."

"నీళ్ళు ఎట్ల పోస్తా ఉండారన్నా?" అని కోడలు అడిగింది.

"మోపెడ్‌కు క్యాన్లు కట్టుకోని తిరగతా ఉండాము, నేనూ మా ఆడమనిషీ. కొన్ని పట్టుకున్నాయి. కొన్ని..." అని చెయ్యి తిప్పాడు.

కోడలు చెంబుతో నీళ్ళిచ్చింది. సగం తాగాడు. మిగిలిన సగం పారబోయలేదు, చెంబు తిరిగి ఇవ్వలేదు. లేచి, మా గోడ వారగా ఉన్న కరివేపాకు మొక్క మొదట్లో చుక్క పక్కకు పోకుండా పోశాడు. ఆయన పోయాక కోడలితో, "బండి తీయించమ్మా" అన్నాను.

"మీకు ఇష్టం లేకుంటే వద్దులే అత్తా. ఇంగ కొన్నాళ్ళు..."

"ఇష్టం లేదు. అయినా తియ్యాల."

మరుసటి వారం పొద్దున్నే సందంతా వచ్చింది. ముందు రాడ్డు ఊడదీశారు. మిలిటరీ బండిని చేతులతోనే వెనక్కి తోసి రోడ్డు మీదికి చేర్చాలి, ఆ తర్వాత లారీ రివర్సులో వస్తుంది. ఎదురింటి అవ్వ కొంగు బిగించుకుని, "నేను కూడా తోస్తా" అని వచ్చింది.

"నువ్వు తోస్తే బండి సరిహద్దు దాటి ఆంధ్రాలో పడతాది అవ్వా, పక్కకు జరుగు!" అన్నాడు ఆటో ఆయన.

"నీ పెండ్లాం వండే సంగటి తింటావు కదా, నీకేడ వస్తాదిలేరా బలం" అంది అవ్వ, బంపరు మీద చేతులు వేసి.

చాన్నాళ్ళకు మా సందులో నవ్వు వినిపించింది. కోడలు పాత బండి ఎక్కి స్టీరింగు పట్టుకుంది. వెల్డింగ్ షాపు అబ్బాయి చక్రం వెనక పెట్టడానికి చెక్క దిమ్మె పట్టుకుని, "అట్లిట్ల తిప్పొద్దు మా, నేరుగా పట్టుకో" అని అరిచాడు. "పట్టుకొనే ఉండాను, తోసేది చూడన్నా నువ్వు" అని అరిచింది కోడలు. బండి కదిలింది. నా కళ్ళ ముందు నుంచి మెల్లమెల్లగా వెనక్కి పోయింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

రోడ్డు మీద మళ్ళీ రాడ్డు కట్టారు. కోడలు రాడ్డును బిగించిన ఇనుప పిన్నులు ఒక్కొక్కటీ లాగి చూసింది. వెల్డింగ్ షాపు అబ్బాయే లారీ నడపడానికి ఎక్కాడు. నేను కూడా వస్తానన్నాను. "ఈ మోకాళ్ళతో యాడికత్తా?" అని కోడలు గొణిగింది గానీ, కింద నుంచి నన్ను పైకి ఎత్తింది కూడా ఆమే.

ఆ బండి చేరింది. మిగిలిన మొక్కలకు ఇప్పుడు నీళ్ళు అందుతున్నాయని రైతు ఫోను చేసి చెప్పాడు. నాకు మాత్రం ఆ దారే కళ్ళలో ఉండిపోయింది.

ముళబాగిలు దాటాక మలుపులు మొదలయ్యాయి. లారీలో మా తలల వెనక చిన్న అద్దం కిటికీ ఉంది. మెడ తిప్పి చూశాను. రంగు వెలిసిన మిలిటరీ బండి మా వెనకే వస్తోంది. లోపల ఎవరూ లేరు. దారి ఎడమకు తిరిగినప్పుడు ఆ ఖాళీ సీటు ముందు స్టీరింగు తనంతట తానే మెల్లగా ఎడమకు తిరిగింది. దారి తిన్నగా అయ్యాక నెమ్మదిగా వెనక్కి వచ్చి నిలిచింది. నేను ఉలిక్కిపడి కోడలి చెయ్యి పట్టుకున్నాను.

"రాడ్డు చక్రాలను తిప్పతాదత్తా, చక్రాలు స్టీరింగును తిప్పతాయి. ఎప్పుడూ అంతే" అంది. ఆమె మాత్రం వెనక్కి చూడలేదు.

రాయల్పాడు దాకా నేను ఆ కిటికీ నుంచి చూపు తిప్పుకోలేదు. ఎండ పడితే ఆ బండి ముందు అద్దం తెల్లగా మెరిసి లోపల ఏమీ కనిపించేది కాదు. మామిడి తోపుల నీడలోకి రాగానే మళ్ళీ కనిపించేది. ఖాళీ సీటు, దాని ముందు ఆ స్టీరింగు, ఇటు కొంచెం, అటు కొంచెం, తొందర లేని మనిషి ఎవరో నడుపుతున్నట్టు.