ఎడమ దిక్కు పులి

మా క్వార్టర్ గోడకు అవతల ఉండే కాక నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకునేవాడు. గోదావరిఖనిలో మనిషి పగటి నిద్ర చెడగొడితే ఊరుకునేవాళ్లు కాదు. అందుకే మా కంప్యూటర్ ఆటలన్నీ హెడ్‌ఫోన్లతోనే నడిచేవి.

అప్పట్లో నా ఆట అడవి జంతువుల ఫొటోలు తీయడం. ముందు అరుపు వస్తుంది. ఏ చెవిలో వినిపిస్తే ఆ దిక్కుకు కెమెరా తిప్పి నొక్కాలి. ఆలస్యమైతే జంతువు పోయిందని తెర మీద బొమ్మ పడుతుంది. నాకు పులి ఒక్కటే చిక్కలేదు. దాని మీద ఒళ్లు మండేది.

ఆ రోజు సెకండ్ షిఫ్టుకు తయారైన బాపును పట్టుబట్టి కూర్చోబెట్టాను. కుడి పక్కన వచ్చిన జింకను, నెమలిని టక్కున పట్టాడు. ఆ తర్వాత ఏనుగు పోయింది. ఎలుగుబంటి పోయింది.

“ఏంది బాపూ, నిద్రవోతున్నవా?” అని హెడ్‌ఫోన్లు గుంజుకుని పెట్టుకున్నాను. ఎడమ చెవిలో పులి గాండ్రిస్తోంది! గబుక్కున మళ్లీ ఆయనకు పెట్టాను. “పులి! జల్ది తిప్పు!”

“ఏడున్నది బిడ్డా? ఏం ఇనవడుతలేదు.”

టిఫిన్ సర్దుతున్న అమ్మ వచ్చింది. అమ్మను మేం అవ్వ అంటాం. ఎడమది కుడి చెవికి వచ్చేలా హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టింది. బాపు ముఖం వెలిగిపోయింది. “అగో, వచ్చింది!” అని కెమెరాను కుడికి తిప్పాడు. అక్కడ పులి లేదు.

నేను పకపకా నవ్వాను. అవ్వ నవ్వలేదు. బాపు పని బొగ్గు గని లోపల పైకప్పును కర్రతో కొట్టి వినడం. బండ విడిచి ఉంటే డొల్లగా మోగుతుంది. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు దాని కిందికి పోతారు. అది గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది.

“ఎన్నొద్దుల సంది?” అంది అవ్వ.

“చలికాలం సంది. ఒక్క చెవి చాలు తియ్. చెప్తే గని దిగనియ్యరు.”

“బండ నిన్నడిగి కుడి దిక్కే పడ్తదా? నీ మాట నమ్మి వచ్చేటోళ్ల సంగతేంది?”

బాపు కోపంగా బూటు లేసు బిగించి లేచాడు. అవ్వ టిఫిన్ పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది. షిఫ్టు సైరన్ మోగింది. ఆయన ఆమెను నెట్టుకుని పోతాడేమోనని నేను ఉరికి ఆయన పక్కకు పోయాను.

“నువ్వన్న చెప్పు బిడ్డా, మీ అవ్వ ఊకెనే ఫికర్ చేస్తున్నది. ఆ పులి గంత గట్టిగ అరిసిందా? ఎట్ల అరిసింది?”

నేను ఆయనకు ఎడమ పక్కన ఉన్నాను. కాక లేవకుండా, గొంతు తగ్గించి, అచ్చం పులిలాగే గాండ్రించాను.

బాపు అవ్వ వైపే చూస్తున్నాడు. “చెప్పు బిడ్డా,” అన్నాడు మళ్లీ.

నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ కళ్లు నా మీదికి పోవడం చూసి, అప్పుడు ఇటు తిరిగాడు. నా ముఖం చూసి, కూర్చుని బూటు లేసు విప్పాడు.