కుళాయి గట్టు మీద మూడు గ్లాసులు

ఆ ఆదివారం నా డైరీలో ‘అసహ్యం’ అని ఒక్క మాటే ఉంది. ఇన్నేళ్లుగా రోజూ రాస్తున్నాను, ఇంత తక్కువ రాసిన రోజు ఇంకొకటి గుర్తులేదు. ఆ రాత్రి రాయబుద్ధి కానిదే ఇప్పుడు రాస్తున్నాను.

కలకత్తాలో మా భవానీపూర్‌లో నాలాగే రిటైరైన తెలుగు ఆఫీసరొకాయన ఉన్నారు. ఆయన ఇంటి పై అంతస్తు ఖాళీ అయింది. మా మనవరాలి ఆఫీసులో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి ఒకతె పనిచేస్తుంది. తల్లికి ఇక్కడ కంటి ఆపరేషన్ చేయించాలి. హాస్టల్లో తల్లిని ఉంచనివ్వరు కాబట్టి ఇల్లు కావాలి. నేనే ఫోన్ చేశాను.

“మన తెలుగుపిల్లే కదండీ, ఇంకేటి కావాలి? ఇల్లు ఇచ్చీసినట్టే అనుకోండి,” అన్నారాయన.

నేనూ ఆ అమ్మాయీ వెళ్లేసరికి అక్కడ ఇంకో అతిథి ఉన్నాడు. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో యంత్రాలు బిగించడానికి వచ్చిన దక్షిణాఫ్రికా ఇంజనీరు. ఎన్నో తరాల కిందట అక్కడ స్థిరపడిన డచ్చివాళ్ల సంతతి. ఆఫ్రికానర్‌నని గర్వంగా చెప్పుకున్నాడు. ఇంటాయన ఆ మిల్లుకి సలహాదారు. అలా పరిచయం.

దొర బాధంతా కొడుకు గురించి. బాగా చదివిన కుర్రాడికి ఉద్యోగం రాలేదట. నల్లవాళ్లకి ముందు ఇవ్వాలన్న చట్టం వల్లేనట. “మేం కట్టిన దేశం. ఇప్పుడు మా పిల్లల చర్మమే వాళ్ల నేరం,” అన్నాడు. ఇంటాయన తొడ చరిచి, “అచ్చంగా ఇక్కడా ఇదే!” అన్నారు. ఇద్దరూ అన్నదమ్ముల్లా ఒరిగి కూర్చున్నారు.

కొడుకు ఖాళీగా ఉన్న తండ్రి బాధ నిజమే. కాదనను. కానీ, “మీ నాన్నగారి కాలంలో ఆ ఉద్యోగానికి నల్లవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చా?” అని అడిగాను. “ఆ రోజులు అయిపోయాయి. వాటికి నా కొడుకా బాధ్యుడు?” అన్నాడు. అప్పుడు దక్కినదంతా ప్రతిభ, ఇప్పుడు దక్కనిదంతా అన్యాయం. ఈ గొంతు నాకు కొత్త కాదు. ఆఫీసులో సర్వీసంతా తెలుగులో విన్నాను.

ఇంటాయన అమ్మాయివైపు తిరిగారు. “ఏ ఊరమ్మా? ఊళ్లో ఏ వైపు? సీటు ఎలా వచ్చింది?”

“కోటాలోనండి అంకుల్,” అందామె తడుముకోకుండా. “ఉద్యోగం మాత్రం ఇంటర్వ్యూలో వచ్చింది.”

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. దొరవైపు వంగి, ఆమె ఎదుటే, ఆమెకి అర్థమయ్యే ఇంగ్లీషులోనే, “నేను చెప్పానే, ఆ రకం,” అన్నారు. దొర మర్యాదగా తలూపి, “మీ మీద వ్యక్తిగతంగా ఏమీ లేదు మేడమ్,” అన్నాడు. నేను తింటున్న ఫలహారం ప్లేటు పక్కన పెట్టి లేచాను.

చేయి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాను. అమ్మాయి నా వెనకే వచ్చింది. ఆ ఇంట్లో పనిచేసే మాసీ గ్లాసు ఎప్పుడూ కుళాయి గట్టు మీదే ఉంటుంది. ఆ రోజు దాని పక్కన ఇంకో రెండు బోర్లించి ఉన్నాయి. దొర తాగినదొకటి, ఈ పిల్ల తాగినదొకటి. నాది మాత్రం లోపలికి వెళ్లింది. “ఓగులో భేతొరే ఎనో నా,” అని ఇంటావిడ వంటగదిలోంచి మాసీకి చెబుతోంది. అవి లోపలికి తేవద్దని.

హాల్లో దొర సెలవు తీసుకుంటున్నాడు. తమ బాధ అర్థమైన ఇల్లు ఇన్నాళ్లకి దొరికిందని ఇంటాయన చేతులు పట్టుకుని ఊపుతున్నాడు.

దొర వెళ్లాక ఇంటాయన గొంతు సవరించుకున్నారు. “ఇల్లు సంగతి... మా ఆవిడికి మడీ అదీ ఉందండి. ఈ పిల్ల నీచు వండుకుంటాది కదా.”

“మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు అంకుల్.”

“అది కాదమ్మా. ఏటీ అనుకోకు.”

వీధిలోకొచ్చాక ఆమె ఆ ఇంటి గుమ్మంవైపు ఒకసారి తిరిగి చూసింది. తరవాత, “ఆ దొరకి చెప్పాల్సింది తాతగారూ. ఆయనా నేనూ ఒకే గట్టు మీదున్నామని,” అంది. ఆ వెంటనే గొంతు మారింది. “హౌరాలో అమ్మ దిగితే ఏటి చెప్పను?”

“మా ముందుగది ఉంది,” అన్నాను.

ఆమె ఆగింది. “మీ ఇంట్లో గ్లాసులు ఎక్కడ పెడతారండి?”

“వచ్చి చూసుకో.”

వచ్చింది. తిన్నగా వంటగదిలోకి వెళ్లి, అల్మారా తెరిచి, మా గ్లాసుల్లోంచి ఒకటి తీసుకుని నీళ్లు తాగింది. కడిగి అక్కడే బోర్లించింది. అప్పుడు తల్లికి ఫోన్ చేసింది.